ముందు కూటం, తరువాత గుడి

మారుపేర్లు పెట్టడంలో కాలేజీ కుర్రాళ్ళను మించినవాళ్ళు లేరు. ఏళ్ళ తరబడి వాళ్ళకు పాఠాలు చెబుతున్నవాణ్ణి కనుక ఈ సంగతి నాకు వేరొకరు చెప్పనక్కరలేదు. నా మారుపేరేమిటో కూడా నాకు తెలుసు. అది ఇక్కడ అప్రస్తుతం. 1730 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో ఒక చిన్న గుంపు ఉండేది. వేళకు లేవడం, వేళకు ప్రార్థన, వేళకు చదువు, వారంలో ఇన్ని రోజులని ఉపవాసం, జైలుకు పోయి ఖైదీలను పలకరించి రావడం – అన్నీ ఒక పద్ధతి ప్రకారం సాగేవి. తోటివాళ్ళకు ఒళ్ళు మండింది. "పద్ధతిగాళ్ళు" అని పేరు పెట్టారు. మెథడిస్టు అనే మాటకు అర్థం అంతే. ఆ గుంపుకు పెద్ద జాన్ వెస్లీ. వెక్కిరింతగా పుట్టిన మాట చివరకు ఒక మతశాఖకే పేరై కూర్చున్నది.

ఆ పేరు ఇప్పుడు ఎందుకు గుర్తు వచ్చిందంటే, మా వీధిలో ఒక పెద్దమనిషి అన్న మాట వల్ల. మేముండేది హైటెక్ సిటీకి కాస్త ఇవతల. సోమవారం మొదలు శుక్రవారం దాకా కంప్యూటరు కంపెనీల వారి సభలు జరిగే హాళ్ళు ఇక్కడ బోలెడున్నాయి. ఆదివారం పొద్దున వాటిలో కొన్నింటి ముందు ఆటోలూ కార్లూ ఆగుతాయి. ఆడవాళ్ళూ పిల్లలూ మంచి బట్టలు కట్టుకుని, చేతిలో బైబిలుతో దిగుతారు. లోపల కుర్చీలు వరసగా వేసి, ఒక మైకు పెట్టి, రెండు గంటలు ప్రార్థన. మధ్యాహ్నానికి అదే హాలులో ఎవరిదో పుట్టినరోజు విందు. "గుడి కట్టుకోలేనివాళ్ళు అద్దెకొంపలో దేవుణ్ణి పిలవడమేమిటండీ?" అని మా పెద్దమనిషి చప్పరించాడు. ఆయన చెడ్డవాడు కాడు. స్థలం, ప్రహరీ, గోపురం ఉంటే గాని భక్తికి పట్టా రాదని ఆయన నమ్మకం.

ఆ హాళ్ళలో కూడేవారిలో మెథడిస్టులు ఎందరో, ఇతరులెందరో నేను లెక్క పెట్టలేదు. అన్ని శాఖలవారూ ఉంటారు. కాని అద్దెకొంప భక్తికి చరిత్రలో పెద్ద ఉదాహరణ కావాలంటే మాత్రం మెథడిస్టుల దగ్గరికే పోవాలి.

వెస్లీ పుట్టుక చేత గుడి మనిషి. తండ్రి ఎప్‌వర్త్ అనే ఊళ్ళో ఇంగ్లండు సంఘపు గురువు, తానూ గురువే. గుడి బయట బోధ చేయడమంటే ఆయనకు మొదట పాపమంత భయం. అయితే ఆయన ఉద్రేకపు బోధలు నచ్చక ఒక్కొక్క గుడే తలుపులు మూసింది. చివరకు జార్జి వైట్‌ఫీల్డు అనే మిత్రుడు బ్రిస్టలు రమ్మంటే వెళ్ళి, 1739 ఏప్రిల్ 2న, ఊరి బయట ఇటుకల బట్టీ దగ్గర నిలబడి నోరు విప్పాడు. మూడు వేల మంది దాకా విన్నారని తన దినచర్యలో రాసుకున్నాడు. విన్నవాళ్ళెవరు? బొగ్గు తవ్వేవాళ్ళు, ఓడరేవు కూలీలు, వాళ్ళ ఆడవాళ్ళు. గుడికి రమ్మని పిలిచేవాళ్ళు లేక, వచ్చినా కూర్చోబెట్టేవాళ్ళు లేక ఉన్న జనం.

అదే ఏడు లండనులో ఆయనకు దొరికిన చోటు మరీ విచిత్రమైనది. మూర్‌ఫీల్డ్సు దగ్గర ప్రభుత్వపు ఫిరంగుల కార్ఖానా ఒకటి ఉండేది. 1716లో పోత పోసేటప్పుడు ప్రేలుడు జరిగి కొందరు చనిపోతే, పనిని వేరే చోటికి తరలించి ఆ కొంపను వదిలేశారు. ఇరవై మూడేళ్ళుగా పాడుపడి ఉన్న దానిని 115 పౌన్లకు కొని, గోడలకు ఆసరాలు పెట్టి, పైకప్పు బాగుచేయించి, పదిహేను వందల మంది కూర్చునే కూటశాల చేశాడు. బల్లలు వేశారు. మగవారొక వైపు, ఆడవారొక వైపు. ముందు వచ్చినవారు ముందు. ఇది నా చోటు అనడానికి ఎవరికీ వీలు లేదు. అక్కడే పిల్లలకు బడి, బీదలకు మందులు, చిన్న వ్యాపారాలకు చేబదులు. ఫిరంగుల కొలిమి అందరి ఇల్లయింది.

ఇది చదివినప్పుడల్లా నాకు మన గన్‌ఫౌండ్రీ గుర్తొస్తుంది. ఆబిడ్సు, ఫతే మైదాను నడుమ ఉన్న ఆ పేటకు ఆ పేరు వచ్చింది, నిజాము అలీఖాను కొలువులో ఫ్రెంచి సేనాని రేమండు పెట్టించిన ఫిరంగుల కార్ఖానా వల్ల. పాతవారు దానిని తోప్ కా సాంచా అనేవారు. ఆ పేటకు ఆనుకొని పోయే వీధి పేరు చాపెల్ రోడ్డు. అమెరికా మెథడిస్టులు 1895లో పెట్టిన స్టాన్లీ బాలికల పాఠశాల ఆ వీధిలోనే ఉన్నది. లండనులో ఫిరంగుల చావిడిలోనే బడి పెట్టారు. హైదరాబాదులో ఫిరంగుల చావిడి పక్కన పెట్టారు. ఇందులో దైవసంకల్పమేమీ లేదు, కాకతాళీయమే. కాని ఆ బడిలో చదువుకున్న ఆడపిల్లలకు ఈ ముచ్చట ఎవరైనా చెప్పి ఉంటే చరిత్ర పాఠం కాస్త తియ్యగా ఉండేది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. అద్దెకొంపల కథలో డబ్బే గదా ముఖ్యపాత్ర. బ్రిస్టలులో 1739లోనే "కొత్త గది" అని ఒక చిన్న శాల కట్టారు. ఎంత సాదా పేరో చూడండి. మెథడిస్టు కట్టడాలన్నిటిలోకి పాతది అదే, నేటికీ ఉన్నది. దాని మీద అప్పు మిగిలింది. 1742లో అప్పు తీర్చే ఉపాయం కోసం కూర్చున్నప్పుడు కెప్టెన్ ఫోయ్ అనే ఆయన, తలా వారానికొక పెన్నీ ఇద్దామన్నాడు. బీదవాళ్ళు ఎక్కడ ఇవ్వగలరని ఇంకొకరు అడ్డు తగిలారు. అయితే అందరిలోకి బీదవాళ్ళను పదకొండు మందిని నాకు అప్పగించండి, వాళ్ళు ఇవ్వలేనిది నేను వేసుకుంటానన్నాడు ఫోయ్. ఆ విధంగా పన్నెండేసి మందికి ఒక పెద్ద. ఆయన వారం వారం ఇంటింటికీ పోయేవాడు. పోతే ఊరికే పెన్నీ పుచ్చుకొని వస్తాడా? ఆ ఇంట్లో జబ్బు, ఈ ఇంట్లో తాగుడు, ఇంకొక ఇంట్లో మొగుడూ పెళ్ళాల పోట్లాట, అన్నీ కంటబడ్డాయి. క్రమంగా ఆ పన్నెండుగురూ ఒకచోట చేరి కష్టసుఖాలు చెప్పుకోవడం మొదలయింది. మన ఊళ్ళలో పొదుపు సంఘాల ఆడవాళ్ళు వారానికొకసారి ఎవరింటి వాకిట్లోనో కూర్చుంటారే, అచ్చం ఆ మాదిరి. అప్పు తీర్చే ఉపాయం ఆ సంఘానికి వెన్నెముక అయింది. గుడి ఉన్నవాళ్ళకు ఆ అప్పూ లేదు, ఆ అవసరమూ లేదు.

ఆ రోజుల్లో ఇంగ్లండులోని చిన్న పట్టణాలలో మెథడిస్టుల కూటాలన్నీ ఇటువంటి చోట్లనే. నేతగాని మేడగది, రైతు ధాన్యపు కొట్టు, విధవరాలి వంటిల్లు, సంతలో రాతిమెట్లు. స్వంత ఊరు ఎప్‌వర్త్‌లో తండ్రి గుడిలోనే మాట్లాడనివ్వకపోతే, 1742లో వెస్లీ గుడి ఆవరణలోని తండ్రి సమాధి మీద ఎక్కి నిలబడి బోధించాడు. దానిమీద నుంచి దిగమనడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు. తండ్రి ఆస్తి కదా!

బోల్టను పట్టణం కథ ఇంకా బాగుంటుంది. 1748 ఆగస్టులో ఆ ఊరి నడిబొడ్డున, సంతలో ఉన్న రాతి శిలువ మెట్ల మీద నిలబడ్డాడు. అల్లరి మూక ఆయనను మెట్ల మీద నుంచి తోసింది. మళ్ళీ ఎక్కాడు. రాళ్ళు విసిరారు. ఆయన చెవి పక్కనే నిలబడి కేకలు వేస్తున్న అల్లరివాడి చెంపకే ఒక రాయి తగిలి వాడి నోరు మూతపడిందట. ఆయనను తోయడానికి ముందుకు వస్తున్న ఇంకొకడి నుదుట మరొక రాయి తగిలి రక్తం కారిందట. విసిరినవాడి గురి చూసి వెస్లీకి కూడా నవ్వొచ్చి ఉంటుంది. మరుసటి ఏడు మళ్ళీ పోతే మూక ఇంట్లోకే జొరబడింది. ఆయన దాక్కోక కిందికి దిగి వాళ్ళ మధ్య ఒక కుర్చీ వేయించుకొని మాట్లాడాడు. ఈసారి మెత్తబడ్డారు. ఈ బోల్టను పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం వస్తుంది.

తరువాత గుడులు కట్టకపోలేదు. హెప్టన్‌స్టాల్, యార్మ్ వంటి ఊళ్ళలో 1760 దశకంలో కట్టిన ఎనిమిది పలకల ప్రార్థనశాలలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. అందరికీ మాట వినబడుతుందని వెస్లీకి ఆ ఎనిమిది పలకలు ఇష్టం. కాని సొంత కొంప వచ్చిన తరువాత మనిషికి వచ్చే బుద్ధులు సంఘానికీ వస్తాయి. పందొమ్మిదో శతాబ్దం నాటికి మెథడిస్టు గుడులలో ముందు వరస బల్లలకు అద్దె, వెనుక వరసలు ఊరికే. ఫిరంగుల చావిడిలో లేని "నా చోటు" మెల్లగా వచ్చి కూర్చుంది. అంతేకాదు. 1807లో మౌకాప్ అనే కొండ మీద కొందరు మెథడిస్టులు అమెరికా పద్ధతిలో ఒక పగలంతా ఆరుబయట కూటం పెడితే, మెథడిస్టు పెద్దల సభ ఇది మనకు తగదని తీర్మానించింది! పొలంలో పుట్టిన మతం అరవై ఎనిమిదేళ్ళకు పొలాన్ని వెలివేసింది. కొండ మీదివాళ్ళు విడిపోయి వేరే శాఖ పెట్టుకున్నారు.

ఇక మన వైపుకు వద్దాం. మద్రాసుకు మెథడిస్టు బోధకుడు జేమ్సు లించ్ 1817లో వచ్చాడు. మన దక్కనుకు రావడానికి ఇంకా అరవై ఏళ్ళు పట్టింది. వచ్చింది రెండు దారుల్లో. ఇంగ్లండు వారిది ఒక దారి: 1879-80 ప్రాంతంలో విలియం బర్జెస్ సికిందరాబాదులో దిగాడు. అమెరికావారిది రెండో దారి. విలియం టేలరు అనే బోధకుడు 1870 తరువాత బొంబాయిలో గుడి జోలికి పోకుండా ఇళ్ళల్లోనే చిన్న చిన్న బృందాలు కట్టించాడు. ఎవరి హాలులో కుర్చీలు ఎక్కువుంటే వారింట్లో కూటం. చేరినవారిలో ఎక్కువమంది ఇంగ్లీషు మాట్లాడే గుమాస్తాలు, రైలు ఉద్యోగులు. 1874లో వాడి నుంచి సికిందరాబాదుకు నిజాము రైలుమార్గం వేయడంతో ఆ బృందాలకు ఇటు రావడానికి దారి సుగమమయింది. ఈ రోజు హైటెక్ సిటీ స్టేషనులో నిలబడి లోకలు బండికోసం చూసే కుర్రకారు కాళ్ళ ముందున్నది ఆ దారే. లింగంపల్లి, వికారాబాదు, ధారూరు, తాండూరు – అటు పోతుంది.

ఇంగ్లండు వారి దారిలో అందరికీ తెలిసిన పేరు చార్లెస్ వాకర్ పాస్నెట్. 1895లో వచ్చి తిరుమలగిరి దండులో తెల్ల సోల్జర్లకు బోధ చేసే పనిలో కుదిరాడు. ఆ పని రుచించక మరుసటి ఏడే మెదకు పట్టాడు. అప్పుడు ఆ చుట్టుపక్కల అంతా కలిపి క్రైస్తవులు రెండు వందల మంది ఉంటే గొప్ప. తన బంగళా మేడమీది గదిలో కూటం జరిగేది. అది చాలకపోతే తాటాకో గడ్డో కప్పిన మట్టిగోడల శాల. ఆ తరువాత వచ్చింది, మీరందరూ చూసిన, కనీసం కాలెండరు మీదైనా చూసిన మెదకు గుడి. 1914లో మొదలు, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ. నూరడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, 175 అడుగుల గోపురం. కరువు రోజుల్లో కూలిపని కల్పించి గంజి పోసిన కట్టడమది. నమూనా గీసి ఇచ్చిన శిల్పుల సంస్థ ఏ ఊరిదంటారు? బోల్టను! వెస్లీని సంత మెట్ల మీద నుంచి తోసిన ఊరే, నూట డెబ్బై ఏళ్ళు తిరిగేసరికి మన మెదకుకు గుడి గీసి పంపింది.

ఆ గుడిని చూడడానికి జనం బస్సులు కట్టుకొని పోతారు, పోవలసిందే. రంగు అద్దాల మీద పడిన ఎండ చూసి తీరాలి. కాని నన్నడిగితే, అసలు కథ మేడమీది గదిలోనూ ఆ మట్టిశాలలోనూ జరిగింది. వాటికి శంకుస్థాపన రాళ్ళు లేవు. ఫలానావారు, ఫలానా తేదీ అని చెక్కించినవాళ్ళు లేరు. మెదకు, కరీంనగరం, నిజామాబాదు పల్లెలలో ఇటువంటి శాలలు ఎన్నో వెలిశాయి. అవి వెలిసింది ఎక్కువగా దళితవాడలలో. ఊరి గుడి గడప దాటనివ్వని మనుషులకు, ఊరి బడి అరుగు ఎక్కనివ్వని పిల్లలకు, తలెత్తి కూర్చోవడానికి దొరికిన మొదటి కప్పు అది. సాయంత్రం దీపం పెడితే ప్రార్థన, పగలు అదే చోట బడి. పంతులూ బోధకుడూ తరచు ఒక్కడే. వాడి జీతం చూస్తే ఒక్కడికీ చాలదు.

తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి కనుక నాకు ఇంకొకటి తడుతుంది. నిజాము రాజ్యంలో రాజభాష ఉర్దూ. తెలుగు చదువుకు సర్కారు ఆదరణ కొరవ. ఆ కాలంలో కూలికి పోయే ఇళ్ళ పిల్లలకు అ ఆలు దిద్దబెట్టిన చోట్లలో ఈ గడ్డిశాలలు ఉన్నాయి. బైబిలు చదవాలంటే తెలుగు రావాలి, తెలుగు వస్తే భూమి కాగితమూ చదవవచ్చు, అప్పు పత్రమూ చదవవచ్చు. మతం మార్చడానికే ఇదంతా చేశారు గదా అనేవారున్నారు. చేసినవారి ఉద్దేశం అదే, దాచిందేమీ లేదు. కాని అక్షరం నేర్చిన పిల్ల తరువాత ఏం చదువుకోవాలో ఏ దొర చేతిలోనూ ఉండదు.

తెలుగు సభ్యతకు అద్దెకొంప కొత్త కాదు. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారి ఇంట్లో. సొంత భవనం వచ్చింది 1921లో. మధ్యనున్న ఇరవై ఏళ్ళలోనే గదా ఆ సంస్థకు ప్రాణం పోసింది? భజన మందిరం లేని ఊళ్ళో కరణంగారి అరుగు మీద తాళం మోగేది. కూటం ముందు, గుడి తరువాత. మన వైపు క్రైస్తవులు "కూటం", "కూడిక" అనే మాటలను ఇప్పటికీ వదలలేదు; మంచి పని చేశారు. మందిరం అంటే గోడలు కనబడతాయి, కూడిక అంటే మనుషులు కనబడతారు.

ఇప్పుడు హైటెక్ సిటీ చుట్టూ ఉన్న కొండాపూరు, నానక్‌రామ్‌గూడ, గోపనపల్లి మొన్నమొన్నటి దాకా పల్లెలే. సైబర్ టవర్స్ తెరిచింది 1998లో. పాతికేళ్ళలో పెంకుటిళ్ళు పోయాయి, అరుగులు పోయాయి. ఏ ఇంటి వసారాలో ఎవరు కూడేవారో చెప్పగలిగిన ముసలివారు ఇంకా కొందరున్నారు. పెద్ద గుడికైతే వెండిపండుగ సంచికలు వస్తాయి. వసారాకు రావు. మా విద్యార్థులతో ఎవరి నాయనమ్మను వారు అడిగి రెండు పేజీలు రాసుకురమ్మన్నాను. కొందరు రాశారు. ఒక అమ్మాయి రాసినదానిలో, ఆదివారం ఉదయం పశువుల కొట్టం కడిగి, ఈతచాపలు పరిచేవారనీ, ప్రార్థన అవగానే మళ్ళీ ఎడ్లను కట్టేసేవారనీ ఉన్నది. ఆ రెండు వాక్యాలకు మార్కులెన్ని వేయాలో నాకు తోచలేదు.

రెండు దారుల మెథడిస్టులు తరువాత రెండు దారుల్లోనే పోయారు. ఇంగ్లండు వారి సంఘాలు 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో కలిసిపోయాయి. అందుకే మెదకు గుడి మీద ఇప్పుడు మెథడిస్టు అనే పేరు లేదు. అమెరికావారి సంఘాలు కలవలేదు. 1981లో భారత మెథడిస్టు సంఘంగా స్వతంత్రమయ్యాయి. వికారాబాదు, జహీరాబాదు, బీదరు వైపు ఉన్నవి అవి. అమెరికావారి దగ్గర ఒక పాత అలవాటు నిలిచి ఉన్నది: అడవి అంచున డేరాలు వేసి రోజుల తరబడి కూటం పెట్టడం. ఇంగ్లండు పెద్దలు 1807లో తగదన్నది దాన్నే.

అది మన గడ్డ మీద 1923లో ధారూరు దగ్గర మొదలయింది. మనవాళ్ళు దానికి క్యాంపు అనీ, మహాసభ అనీ పేరు నిలవనివ్వలేదు. జాతర అన్నారు. ధారూరు జాతర. ఏటా నవంబరులో, వారం రోజులు. తెలంగాణ నుంచే కాక కన్నడ, మరాఠీ ప్రాంతాల నుంచి కూడా జనం. వెనుక ఎడ్లబండ్ల మీద వచ్చేవారు, ఇప్పుడు రైళ్ళలో, లారీలలో, కార్లలో వస్తున్నారు. చెట్ల కింద డేరాలు, మూడు రాళ్ళ పొయ్యిలు, పిల్లల ఏడుపులు, మిఠాయి అంగళ్ళు, వీటన్నిటి మధ్య పాటలూ బోధలూ. జాతర అంటే ఏమిటో ఏ తెలుగువాడికీ విప్పి చెప్పనక్కరలేదు గనుక, పరాయి దేశం నుంచి వచ్చిన ఆచారం ఆ ఒక్క మాటతో ఇంటిదైపోయింది. 2023కు నూరేళ్ళు నిండాయి. నూరేళ్ళలో అక్కడ ముందు వరసకు అద్దె పుట్టలేదు. చెట్టు నీడకు వరసలెక్కడివి?

మా వీధి పెద్దమనిషికి ఇదంతా చెప్పాను. ఓపికగా విన్నాడు. ధారూరుకు ఎట్లా పోవాలని అడిగాడు. హైటెక్ సిటీలో లోకలు ఎక్కి లింగంపల్లిలో దిగి, అక్కడ వికారాబాదు మీదుగా తాండూరు పోయే బండి పట్టుకోమన్నాను. జాతర రోజుల్లో కూర్చునే చోటు దొరకదని కూడా చెప్పాను.